రికార్డులో దోమ

ఆవిణ్ణి అందరూ చెవిపిన్ని అంటారు. మొదట అలా పిలిచింది అక్కగారి పిల్లలు. తర్వాత రికార్డులు అచ్చువేసే ఫ్యాక్టరీ వాళ్లూ, ఉత్తరాలు తెచ్చే అతనూ, చివరికి ఆవిడకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా అదే అందుకున్నారు. వద్దని చెప్పి చెప్పి ఆవిడే విసిగి ఊరుకుంది.

ఆవిడ పని వినడం. "కూర్చుని సంగీతం వినడానికి జీతమా!" అని చుట్టాలు నోళ్లు వెళ్లబెడతారు. "ఒక్కరోజు వచ్చి నా పక్కన కూర్చోండి, సాయంత్రానికి పారిపోతారు" అంటుంది ఆవిడ. ఇంతవరకూ ఎవరూ వచ్చిన పాపాన పోలేదు.

రికార్డుల కంపెనీ బావగారిది. కంపెనీ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒకప్పుడు నూలు దాచిన గోడౌను అది. ముందు గదిలో అక్క కూర్చుని అట్టలు అంటిస్తుంది, ఉత్తరాలు చూస్తుంది. మధ్య హాల్లో రికార్డింగు. వెనక చిన్న గదిలో ఒకే ఒక్క కుర్చీ, బీరువాలంత స్పీకర్లు రెండు. కుర్చీ కాళ్లు అంగుళం కూడా జరగకుండా నేల మీద తెల్ల పెయింటుతో నాలుగు గుర్తులు పెట్టి ఉంటాయి. ఏడాదికి నాలుగు రికార్డులు వేస్తారు, ఒక్కోటి నాలుగు వందల కాపీలు. రెండే మైకులు పెడతారు. మొదటినుంచి చివరిదాకా ఒకే ఊపులో వాయించాలి, కత్తిరింపులు, అతుకులు పనికిరావు. మధ్యలో ఎవరైనా తుమ్మితే మళ్లీ మొదటికొస్తారు. ఈ చాదస్తాన్ని నెత్తిన పెట్టుకునే మహానుభావులు నాలుగు వందల మంది దొరకడమే వింత. వాళ్ల ఉత్తరాల్లో "వయోలిన్‌కీ గోడకీ మధ్యనున్న గాలి కూడా వినిపించింది" లాంటి మాటలుంటాయి.

ఫ్యాక్టరీ నుంచి మచ్చు రికార్డు రాగానే చెవిపిన్ని దాన్ని మూడుసార్లు వింటుంది. ఒకసారి కళ్లు తెరిచి, ఒకసారి మూసుకుని, ఒకసారి గోడవైపు తిరిగి. అన్నీ కుదిరితే ఎర్ర పెన్సిల్‌తో కాగితం మీద "వెళ్లొచ్చు" అని రాస్తుంది. ముప్పై ఒక్కేళ్లుగా ఆ మాట లేకుండా ఒక్క రికార్డూ గడప దాటలేదు. బావగారు దాన్ని గొప్పగా ప్రతి అట్ట వెనకా వేయించారు: "ఒక్క జత చెవులు మూడుసార్లు విని పంపినది." అక్కడితో ఆగినా బాగుండేది. "అమ్మాయ్, నువ్వు ఆ పెన్సిల్ కింద పెట్టిన రోజు నేను షట్టర్ దించేస్తా" అని కనబడిన ప్రతివాళ్ల ముందూ అనేవారు. ఆయనకది మెచ్చుకోలు. ఆవిడకి మాత్రం ఏటేటా బరువెక్కుతున్న మాట. ఎందుకంటే కొనేవాళ్లూ ముసలివాళ్లవుతున్నారు. ఏటా ఐదారు ప్యాకెట్లు "ఇప్పుడు లేరు" అన్న ముద్రతో తిరిగొస్తున్నాయి. వచ్చే ఏడాది వేసే రికార్డుల జాబితా పంపమని ఫ్యాక్టరీ అడిగి నెల దాటింది. బావగారు పంపలేదు. "చూద్దాం" అంటున్నారు.

అలాంటి రోజుల్లో ఒక ఉత్తరం వచ్చింది. కవరు మీద "రికార్డులు వినే ఆవిడకి" అని పెద్ద పెద్ద అక్షరాలు.

"మీ వయోలిన్ రికార్డులో దోమ ఉంది. తాతయ్య లేదంటున్నాడు. అమ్మమ్మ కూడా లేదంటోంది. నేను కథలు చెబుతున్నానట. నాకు తొమ్మిదేళ్లు. నేను అబద్ధాలు చెప్పను. మీరు విని ఉందో లేదో రాయండి."

చెవిపిన్నికి నవ్వొచ్చింది. వెంటనే రికార్డు పెట్టుకుని విన్నది. దోమ లేదు. గోడవైపు తిరిగి విన్నది. లేదు. వాల్యూమ్ పెంచి, స్పీకర్‌కి చెవి ఆనించి మరీ విన్నది. వయోలిన్ తప్ప ఇంకేమీ లేదు. లేదని రాసి పడేయడానికి పెన్ను కూడా తీసింది. కానీ "నేను అబద్ధాలు చెప్పను" అన్న వాక్యం దగ్గర చెయ్యి ఆగిపోయింది. మర్నాడు ఎవరికీ చెప్పకుండా చెవుల డాక్టర్ దగ్గరికి వెళ్లింది.

డాక్టర్ ఆవిడ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, రకరకాల శబ్దాలు వినిపించి, చివరికి ఒక గీతల కాగితం చేతిలో పెట్టాడు. గీత కొంతదూరం తిన్నగా నడిచి, ఆ తర్వాత మెట్లు దిగినట్టు కిందికి దిగిపోయింది.

"మీ వయసుకి ఇది మామూలేనమ్మా. మరీ సన్నటి శబ్దాలు వినబడవు, అంతే. మాటలకేం ఇబ్బంది లేదు. మీరేం పని చేస్తారు?"

"ఇంట్లోనే ఉంటానండీ" అంది ఆవిడ. జీవితంలో ఆవిడ ఆడిన అబద్ధాల్లో ఇంత తేలిగ్గా నోట్లోంచి ఊడిపడింది మరొకటి లేదు.

వారం రోజులు ఆ కాగితం చేతిసంచిలోనే ఉంది. చెబితే షట్టర్ దిగుతుంది. బావ మాట మీద నిలబడే మనిషి. అక్క చేతుల్లోంచి జిగురు డబ్బా పోతుంది, ముప్పై ఒక్కేళ్ల పని ఒక్క దోమతో ముగుస్తుంది. చెప్పకపోతే ఎవరికీ ఏమీ తెలియదు. నాలుగు వందల మందిలో ఒక్కరు కూడా ఫిర్యాదు చేయలేదు కదా! వాళ్లవీ వయసు మళ్లిన చెవులే. గాలిని విన్నవాళ్లు దోమని వినలేదు. కానీ ఎక్కడో ఒక ఇంట్లో తొమ్మిదేళ్ల పిల్ల అబద్ధాలకోరు అనిపించుకుంటోంది. ఆ పిల్ల తట్టింది తన తలుపునే. ఎనిమిదో రోజు ఆవిడ కాగితాన్నీ ఉత్తరాన్నీ తీసుకెళ్లి బావగారి టేబుల్ మీద పెట్టింది.

బావగారు రెండూ చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు.

"చిన్నపిల్ల మాట పట్టుకుని నువ్వు డాక్టర్ దాకా పోయావా?"

"పిల్లని పిలిపించండి బావా. దోమ లేకపోతే సరే. ఉంటే ఎక్కడుందో అదే చూపిస్తుంది."

ఆదివారం పొద్దున పిల్లని వెంటబెట్టుకుని తాతయ్య వచ్చాడు. నిజానికి వచ్చింది పిల్ల, వెంటపడి వచ్చింది తాతయ్య. "ఏదో ఊహించుకుంటోందండీ, మిమ్మల్ని ఇబ్బంది పెట్టింది" అని ఆయన గుమ్మంలోనే సంజాయిషీ మొదలుపెట్టాడు. పిల్ల ఆయన్ని పట్టించుకోకుండా తిన్నగా హాల్లోకి నడిచింది. బావగారు లైటు వేశారు. పిల్ల చటుక్కున తలెత్తి పైకప్పు వైపు వేలు చూపించింది.

"అదిగో. అక్కడుంది."

అక్కడున్నది కొత్త దీపం. వయోలిన్ వాయించే పెద్దావిడకి కళ్లు సరిగా ఆనక, కాగితం మీది స్వరాలు కనబడటం లేదంటే, ఆవిడ మీది గౌరవంతో బావగారే స్వయంగా నిచ్చెనెక్కి బిగించిన దీపం. ఆయన ముఖం పాలిపోయింది. లైటు ఆపారు. "పోయింది" అంది పిల్ల. వేశారు. "వచ్చింది." పిల్లని గోడవైపు తిప్పి, కళ్లు మూయించి, స్విచ్చు చప్పుడు కాకుండా పైన గుడ్డ కప్పి మరీ పదిసార్లు పరీక్షించారు. పదిసార్లూ పిల్ల తడుముకోకుండా చెప్పింది.  తాతయ్య మనవరాలి ముందు మోకాళ్ల మీద కూర్చుని, "తప్పు నాదేనే తల్లీ" అన్నాడు. పిల్ల చాలా హుందాగా "సరేలే" అంది.

బావగారు చతికిలబడ్డారు. "అయితే ఇంక షట్టర్..." అని మొదలుపెట్టారు.

అంతవరకూ గుమ్మంలో నిలబడి చూస్తున్న అక్క అందుకుంది. "షట్టరూ లేదు, గిట్టరూ లేదు. దీపం పెట్టిందెవరు? మీరు. ఒక్క జత చెవులని అట్టల మీద అచ్చేయించి దాన్ని వారం రోజులు నిద్ర లేకుండా చేసిందెవరు? మీరు. ఇంకో రెండు చెవులు కలుపుకోవడానికి మీకేం కష్టం? ఇల్లన్నాక ఒకళ్లకి వినబడింది ఇంకొకళ్లకి వినబడదు. అందుకేగా నలుగురం ఉండేది!"

 ముప్పై తొమ్మిదేళ్ల కాపురంలో బావగారు ఎప్పుడు ఊరుకోవాలో అంతమాత్రం నేర్చుకున్నారు.

నాలుగు వందల మందికీ అక్కాచెల్లెళ్లిద్దరూ ఉత్తరాలు రాశారు. జరిగింది దాచకుండా చెప్పి, కొత్త రికార్డు చేసి పంపుతామన్నారు. తిట్లు వస్తాయని చెవిపిన్ని కాచుకుని కూర్చుంది. వచ్చినవి వేరే రకం జవాబులు. "మా కోడల్ని కూర్చోబెడితే దోమ ఉందని చెప్పింది. తను మా గదిలో కూర్చుని రికార్డు వినడం ఇదే మొదటిసారి." "మనవడు దోమకోసం రెండువైపులా విన్నాడు, ఇప్పుడు ఇంకో రికార్డు పెట్టమంటున్నాడు." బావగారు ఆ ఉత్తరాల్ని రోజుకి రెండుసార్లు చదువుకుంటున్నారని అక్క కనిపెట్టింది. మూడో వారం ఆయన ఎవరికీ చెప్పకుండా ఫ్యాక్టరీకి జాబితా పంపించారు. ఆ వారమే వెనక గదికి మూడు కుర్చీలు కూడా వచ్చాయి.

వయోలిన్ పెద్దావిడ మళ్లీ వాయించడానికి ఒప్పుకుంది. ఈసారి దీపం లేదు. పట్టపగలు, పెద్ద కిటికీ పక్కన. వాయించడం అయ్యాక, పిల్లని కూడా పిలిపించి, మచ్చు రికార్డు దాకా ఆగకుండా అందరూ వెనక గదిలో చేరి టేపు విన్నారు. పిల్ల కళ్లు మూసుకుని ఆఖరిదాకా వింది.

"దోమ లేదు. అస్సలు లేదు."

బావగారు ఉత్సాహంగా ఎర్ర పెన్సిల్ అందించారు. చెవిపిన్ని అందుకోలేదు.

"ఇది వద్దు బావా."

"మళ్లీ ఏముంది ఇందులో?"

"ఏమీ లేదు, అదే గొడవ. పోయినసారి ఆవిడ వాయించింది. ఈసారి పోయినసారి ఎలా వాయించిందో గుర్తు తెచ్చుకుంటోంది. తప్పు పోతుందేమోనని భయపడుతూ వాయించింది."

 వయోలిన్ పెద్దావిడ తల దించుకుంది.

"నిజమే పిన్నీ" అంది. "నాకు తెలుసు. ఎవరూ పట్టుకోలేరనుకున్నా."

లేచి, వయోలిన్ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లిపోయింది. హాల్లో తీగలు సరిచూసుకుంటున్న చప్పుడు వినిపించింది. పిల్ల చెవిపిన్ని చెయ్యి పట్టుకుని లాగింది. ముఖం చిన్నబోయి ఉంది.

"అది నాకెందుకు వినబడలేదు?"

చెవిపిన్ని కుర్చీని తెల్ల గుర్తుల మీంచి జరిపి పిల్ల పక్కకి లాక్కుంది.

"ఆ చెవి రావడానికి టైం పడుతుందమ్మా. నాకు ముప్పై ఒక్కేళ్లు పట్టింది. ఇలా దగ్గరికి జరుగు, మొదలుపెడుతోంది."