కొట్టేసినా కనబడే అంకె

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి పోయే బస్సుల, ఒళ్లె ల్యాప్‌టాప్ పెట్టుకొని కూసున్న. ఒక మందుల కంపెనీ కోసం నేను రాస్తున్న ప్రోగ్రాంల, మిషిన్ వేడి ఎంతున్నదో ఎక్కించే టేబుల్ తెర మీద ఉన్నది. గడి మీద రెండుసార్లు నొక్కి 86 కొడితే, అండ్ల ఉన్న 68 పోవాలె. మూడు దినాలు సతాయించిన గడి ఆ పొద్దు మాట విన్నది. నా సంబురం చెప్పతరం కాదు.

పక్క సీట్ల డ్యూటీ దిగి పోతున్న ఒక అక్క కూసున్నది. మెడల గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీ కార్డు. నా తెర దిక్కు వంగి, "68 ఏడ పోయింది తమ్మీ?" అన్నది.

"తప్పు గదక్కా, దిద్దిన."

ఆమె, ఆడోళ్లకు పైసలు లేకుంట ఇచ్చే తన జీరో టికెట్ వెనక 68 రాసి, దాని మీద సన్నగ ఒక్క గీత గీసింది. పక్కన 86 రాసి సంతకం పెట్టింది.

"మా కాడ తప్పును గిట్ల కొట్టేస్తం, మాయం చెయ్యం. ఆ మిషిన్ల చేసిన మందు గోలి ఎవరో మింగుతరు. రేపు ఏమన్న అయితే, కారణం గీ గీత కిందనే ఎతుకుతరు."

టికెట్ నా చేతుల పెట్టి ఇస్నాపూర్‌ల దిగిపోయింది.

అప్పటి సంది నా టేబుళ్లల్ల ఏ గడి దిద్దినా, పాత అంకె గీత కింద ఉంటది. ఆ టికెట్ ముందటి అచ్చు మొత్తం మాసిపోయింది. వెనక 68 మాత్రం ఇంకా చదవొస్తది.