మాట ఆపి బొమ్మ నిలిపిన రోజు

మొన్న ఒంగోల్లో మా ఇంట్లో కోడలు ఆఫీసు మీటింగులో ఉండగా తెరమీది మనుషులంతా నోళ్ళు తెరిచినవాళ్ళు తెరిచినట్టే బిగుసుకుపోయారు. "కెమెరా ఆపేస్తే సరిపోతుంది మావయ్యా, బొమ్మ లేకపోయినా మాట వినపడితే చాలు కదా" అంటూ ఆపేసింది. చాలునని తలూపాను. కానీ మాటతో పనిలేక బొమ్మ ఒక్కటే కావలసిన మనిషి నాకు గుర్తుకొచ్చింది. మా పెద్దమ్మ.

బ్రాడ్‌బ్యాండ్ కొత్తగా వచ్చిన రోజుల్లో నేను చీమకుర్తిలో నెట్ సెంటర్ నడిపేవాణ్ణి. ఆరు సిస్టములు, అన్నిటికీ కలిపి ఒకటే టెలిఫోను లైను. అది గ్రానైటు కోసే యూనిట్ల పక్కనుంచి, రాళ్ళ లారీలు తిరిగే రోడ్డు వెంబడి నా కొట్టుదాకా వచ్చేది. వాన పడితే పోయేది. పడకపోయినా పోయేది. మోడెం మీద పచ్చదీపం ఆరితే చాలు, కూర్చున్నవాళ్ళంతా దాన్ని నేనే ఊది ఆర్పినట్టు నావంక చూసేవాళ్ళు. పొద్దున తుడిచిన కీబోర్డు మీద మధ్యాహ్నానికి రాతిపొడి ముగ్గుపిండిలా పరుచుకునేది. ఆదివారం వస్తే రాజస్థాన్ నుంచి క్వారీ పనికొచ్చినవాళ్ళు ఇంటివాళ్ళతో మాట్లాడుకోవడానికి వరసకట్టేవాళ్ళు. లైను బాగాలేనప్పుడు బొమ్మ ఆపి మాట నిలబెట్టడం వాళ్ళ కోసం నేను నేర్చుకున్న మొదటి విద్య. అదే అలవాటైపోయింది.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. దగ్గర్లోని ఊళ్ళో మిరప వేసేది. పెదనాన్న పోయాక చేనూ ఆమే చూసుకుంది, కూతుర్నీ ఆమే పెంచింది. ఆ కూతురే మా అక్క. పసితనంలో జ్వరం వచ్చి వినికిడి పోయింది, మాట రాలేదు. తల్లీకూతుళ్ళిద్దరూ ఒక చేతుల భాష కల్పించుకున్నారు. నాలుక ముందు చెయ్యి విసురుకుంటే మిరపకాయ, నుదురు చరుచుకుంటే పెదనాన్న తమ్ముడు, మా చిన్నపెదనాన్న. ఆ భాషలో నాకూ ఒక పేరుంది: ముక్కు చీదడం. చిన్నప్పుడు నాకు జలుబు ఎక్కువట. మీసాలొచ్చి, పెళ్ళయి, నెట్ సెంటర్ పెట్టినా ఆ పేరు మాత్రం మార్చలేదు.

అక్క ఆలస్యంగానైనా చదువుకుంది. హైదరాబాదులో కంప్యూటరు మీద టైపు చేసే ఉద్యోగం దొరికి హాస్టల్లో ఉండేది. పెద్దమ్మకు చదువు రాదు. కూతురి ఉత్తరం వస్తే ఆ చిన్నపెదనాన్నే అరుగుమీద కూర్చుని, వీధి చివరిదాకా వినపడేట్టు చదివేవాడు. అది తెలిసే అక్క "నేను క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను" దాటి ఏమీ రాసేది కాదు. అసలు సంగతులన్నీ ఆదివారం మధ్యాహ్నం నా కొట్లో, ఆ చిన్న కెమెరా ముందు జరిగేవి. మొదటిసారి నేను హెడ్‌ఫోను తగిలించబోతే పెద్దమ్మ నా చెయ్యి తోసేసింది. "దానికి వినపడదు, నేను మాట్లాడను. ఇదెందుకురా నా నెత్తిన?" అంది. నవ్వుకుని తీసి పక్కన పెట్టాను.

ఒక ఆదివారం పొద్దుట్నుంచీ లైను సరిగా లేదు. పెద్దమ్మ వచ్చి కూర్చున్నాక తెరమీద అక్క వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. చెయ్యెత్తి గొంతు దగ్గర పెట్టుకుంది. అంతే, బొమ్మ అక్కడ బిగుసుకుపోయింది. కాసేపటికి కదిలి మళ్ళీ బిగుసుకుంది. చెయ్యి గొంతు దగ్గరే ఉంది.

పెద్దమ్మ ముఖం పాలిపోయింది. "ఒరే, అది ఏమంటందిరా?"

"నాకేం తెలుసు పెద్దమ్మా, మీ భాష!"

"చెయ్యి నొక్కితే ఊపిరాడటం లేదు, ఇక్కడ ఉండలేనని. మెడచుట్టూ తిప్పితే తాళి. చెయ్యి కదిలితేగా తెలిసేది!" అంటూ నా మోచెయ్యి పట్టుకుంది.

ఏమైందని టైపు చేశాను. తెలుగు మాటలే ఇంగ్లీషు అక్షరాల్లో జవాబొచ్చింది: "అమ్మకే చెప్తా." ఎంతసేపైనా ఉంటావా అన్నాను. ఉంటానంది. వెంటనే లైను పోయింది.

అప్పుడు నేను లేచాను. మిగతా సిస్టముల దగ్గరున్నవాళ్ళకు చేతులు జోడించి, ఇంటి విషయమని చెప్పి, వాటి వైర్లు పీకేశాను. లైనంతా ఒక్క సిస్టముకే ఇచ్చాను. ఒంగోల్లో కంప్యూటర్లు అమ్మినాయన ఒకసారి చెప్పిన చిట్కా గుర్తుచేసుకుని నెట్‌వర్క్ సెట్టింగుల్లోకి వెళ్ళాను. కంప్యూటరు పంపేదంతా ముక్కలు ముక్కలుగా పోతుంది. లైను పాడైనప్పుడు ముక్క చిన్నదైతే మేలు, దారిలో పోయినా మళ్ళీ పంపడం తేలిక. ఆ కొలత తగ్గించాను. "ఏం చేస్తన్నావురా?" అని పెద్దమ్మ అడిగితే, "పెద్ద టిక్కీలు మోయలేకపోతోంది, చిన్న టిక్కీలు కడుతున్నా" అన్నాను. మిరప బస్తాలను టిక్కీలనే మిర్చి యార్డు చూసిన మనిషి, వెంటనే అర్థమైంది. "కట్టు, కట్టు" అంది.

మళ్ళీ కలిపాను. అక్క వచ్చింది, మళ్ళీ బిగుసుకుంది. ఏం చెయ్యాలో తోచక బల్ల వంక చూశాను. హెడ్‌ఫోను పక్కన పడి ఉంది, దాని మైకు నావైపు తిరిగి ఉంది. అప్పుడు తట్టింది. ఇన్నాళ్ళూ నా కొట్లో ఫ్యాను రొద, బయట రాయి కోసే చప్పుడు అన్నీ హైదరాబాదు పంపిస్తూనే ఉన్నాను, వినలేని పిల్లకి! మాట మొత్తం కట్టేశాను, అక్కనీ కట్టెయ్యమని టైపు చేశాను. ఇద్దరం బొమ్మను అగ్గిపెట్టెంత చేశాం. ముఖం మసకబారిపోయింది. కానీ చెయ్యి కదిలింది.

మెడచుట్టూ తిరిగింది. ఒకసారి కాదు, పెద్దమ్మకు అర్థమయ్యేదాకా తిరుగుతూనే ఉంది.

పెద్దమ్మ తెరకు ముక్కు తగిలేంత దగ్గరికి వంగింది. భుజాలు ఎగరేస్తూ చేతులు ఆడించసాగింది. తర్వాత ఆమె చెప్తేనే నాకు తెలిసింది: అబ్బాయి అక్క ఆఫీసులోనే పనిచేస్తాడు, అతనికీ వినపడదు, వాళ్ళది కనిగిరి వైపు. తల్లి ఒప్పుకోకపోతే ఏమవుతుందోనన్న భయంతో రాత్రంతా ఏడ్చిందట. పెద్దమ్మ అడిగినవి మూడో నాలుగో. కోపిష్టివాడా? తాగుతాడా? నీకు వండిపెడతాడా? చివరిది చూసి అక్క నవ్వడం ఆ అగ్గిపెట్టెలో కూడా కనిపించింది.

కళ్ళు తుడుచుకుంటున్న పెద్దమ్మను, "మనవాళ్ళేనా అని అడగలేదే?" అన్నాను.

"దానికి మా చేతుల్లో సైగ లేదురా," అంది. కొంగు నడుముకు దోపుకుంటూ, "ఇప్పుడు కొత్తగా నేర్పమంటావా?" అంది.

చిన్నపెదనాన్న అరుగుమీద చాలా కేకలేశాడు. పెద్దమ్మ అతన్ని అరవనిచ్చి, మర్నాడు బస్సెక్కి హైదరాబాదు వెళ్ళి అబ్బాయిని చూసొచ్చింది. కోతలు అయ్యాక ఒంగోల్లో పెళ్ళి చేసింది. కేకలేసిన మరిదే తాంబూలాలు పంచాడు. ఆ పెళ్ళిలో సగంమంది చేతులతోనే మాట్లాడుకున్నారు, అయినా అంత సందడి పెళ్ళి నేను మళ్ళీ చూడలేదు.

నా కొట్టు ఫోన్లొచ్చాక మూతపడింది. పెద్దమ్మ పోయి ఏళ్ళయింది. అక్క కూతురికి చక్కగా వినపడుతుంది, గలగలా మాట్లాడుతుంది. కానీ తల్లి మీద అలిగినప్పుడు మాత్రం నోరు మూసుకుని చేతులకు పని చెబుతుంది, అచ్చం అమ్మమ్మ లాగే భుజాలు ఎగరేస్తూ. ఆ పిల్ల అమ్మమ్మను చూసింది బాగా పసితనంలో. కాలం మనుషుల్ని అడక్కుండానే తీసుకుపోతుంది గానీ, వాళ్ళ చేతులు కదిలిన తీరును ఎవరో ఒకరి దగ్గర వదిలిపెట్టే పోతుంది.