తండాలో విన్న ఏడుపు

మహబూబాబాద్ దవాఖానలో నర్సుగా చేరిన కొత్తలో, నాతో పాటు డ్యూటీ చేసే లంబాడా అమ్మాయి తీజ్ పండక్కి వాళ్ల తండాకు రమ్మని పిలిచింది. ఆ పండగ నేనెప్పుడూ చూడలేదు. సెలవు పెట్టుకుని ఇద్దరం ఆటోలో వెళ్లాం.

దిగీ దిగగానే ఒక పెద్దావిడ ఎదురొచ్చి, ఆ అమ్మాయి మెడ చుట్టూ చేతులు వేసి ఏడవడం మొదలుపెట్టింది. ఉత్త ఏడుపు కాదు. రాగం తీస్తూ, మధ్యమధ్య వాళ్ల భాషలో ఏవో మాటలు చెబుతూ ఏడుస్తోంది. ఈ పిల్ల కూడా అదే రాగం అందుకుంది. ఎవరో పోయారనుకున్నాను. చేతిలో ఉన్న స్వీట్ల డబ్బా గబుక్కున చున్నీ కిందికి తోశాను.

కాసేపటికి ఆ పిల్ల కళ్లు తుడుచుకుని నవ్వింది.

"ఏమైందే? ఎవలికేమైంది?" అన్నాను.

"ఎవలికేం గాలేదక్కా. మా మేనత్త. నన్ను జూడక శానా దినాలాయె. ఖుషీ అయింది."

"ఖుషీ అయితే గిట్ల ఏడుస్తరా?"

"మరి మీరెట్ల జేస్తరు?"

నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. మాది జనగామ దగ్గర నర్మెట్ట. ఉద్యోగం వచ్చిందని చెప్పిన రోజు బాపు "మంచిదే" అని పొలానికి వెళ్లిపోయాడు. అమ్మ గుప్పెడు ఉప్పు నా చుట్టూ తిప్పి, అప్పుడే ఎవరికీ చెప్పొద్దంది. వాళ్లు సంతోషించలేదని కాదు. దిష్టి తగులుతుందని భయం.

ఈలోగా మేనత్త వచ్చి నన్నూ వాటేసుకుంది. నా వీపు నిమురుతూ రాగం అందుకుంది. నేను కొయ్యలా నిలబడ్డాను.

"ఏమంటున్నదే?"

"తల్లిని ఇడిసి గింత దూరమొచ్చినవు, యాళ్లకు తింటున్నవో లేదో అంటున్నదక్కా."

అప్పుడు నాకూ ఏడుపొచ్చింది.

ఆ తర్వాత ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ రొట్టెలకు జొన్నపిండి కలుపుతోంది. వెనక నుంచి వెళ్లి గట్టిగా పట్టుకున్నాను. ఉలిక్కిపడింది.

"ఏమైంది బిడ్డా? ఎవలన్న ఏమన్న అన్నరా?"

"ఏం లేదమ్మా. నిన్ను జూస్తే ఖుషీ అయింది."

"దానికి గింత పరేషాన్ జేస్తవా!" అని కసిరింది కానీ విడిపించుకోలేదు. పిండి చేతులు నాకు అంటకుండా దూరంగా పెట్టుకుని, పెనం పొగలు వచ్చేదాకా అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు భూపాలపల్లిలో పనిచేస్తున్నాను. ఇంటికి వెళ్లిన ప్రతిసారీ అమ్మను పట్టుకుంటాను. తను మాత్రం ఇప్పటికీ చేతులు వేయదు. నేను వస్తున్నానంటే వంటంతా ముందే ముగించి, చేతులు కడుక్కుని గడపలో కూర్చుంటుందని మొన్న బాపు చెప్పాడు.