ఎడారిలో పిట్టకు పెట్టిన ముద్ద

వాలంటీరంటే ఇష్టపడి వచ్చేవాడని పాత పేపర్లు చదువుకున్న నాకే తెలుసు. మా కంపెనీకి తెలియలేదో, తెలిసీ పట్టలేదో. ఎడారిలో పరుగు పందెమట, దానికి కంపెనీ సాయమట. మాకున్న ఒక్క సెలవు శుక్రవారం. ఆ రోజే తెల్లవారకముందు మస్కట్ పక్కన అల్ అమెరాత్‌లో మా లేబర్ క్యాంపు ముందు బస్సు ఆపి, తలా ఒక పచ్చ వాలంటీర్ టీషర్టు ఇచ్చి ఎక్కమన్నారు.

నా పక్కన కూర్చున్నది మా రూమ్‌వాడే, జగిత్యాల దిక్కు మేస్త్రీ. వాళ్ళ బాపు పోయి అది మూడో రోజు. ఇంటికి పోతానంటే కాగితాలు రెన్యూవల్‌లో ఉన్నాయన్నారు. పోనీ ఈ ఒక్కరోజు రూమ్‌లో ఉంటానంటే, పేర్లు ఇచ్చేశామన్నారు. ఒళ్ళో స్టీలు డబ్బా పెట్టుకుని కూర్చున్నాడు. మూడో రోజున పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి పిట్టకు పెడతారు మా వైపు. పిట్ట ముట్టేదాకా ఇంట్లో ఎవరూ తినరు. ఊళ్ళో తమ్ముడు పెడుతున్నాడు గానీ, పెద్దోడు పెట్టింది ముడితేనే తింటానని ముసలి తల్లి పట్టుబట్టింది. ఆమె షుగర్ మనిషి. చావునాటి నుంచి చాయ్ నీళ్ళ మీదే ఉందట.

మాకు నీళ్ళ టేబుల్ దగ్గర డ్యూటీ. వచ్చేవాళ్ళు కప్పు అందుకుని సగం తాగి, సగం నెత్తిన పోసుకుని పోతున్నారు. ఎవరూ తరమకుండా ఆ ఇసుకలో మనిషి ఎందుకు పరుగెత్తుతాడో నాకు ఈనాటికీ అర్థం కాలేదు.

ఎండెక్కాక మేస్త్రీ దూరంగా ఒక రాయి మీద పేపర్ ప్లేటు పెట్టాడు. అన్నం, ఉడికిన గుడ్డు, మటన్ ముక్క. బీడీ దొరక్క దాని పక్కన ఒక సిగరెట్టు. వచ్చి మళ్ళీ కప్పుల్లో నీళ్ళు పోయసాగాడు.

నేను ఇదే దేశంలో సహం అనే ఊళ్ళో ఉన్న కాలంలో మాలో ఒకడి తల్లి పోతే, మా ఒమానీ యజమాని తన పికప్‌లోనే అతణ్ని సముద్రం ఒడ్డుకు తీసుకుపోయాడు. చేపల కోసం అక్కడ కాకులు గుంపులు. ప్లేటు కింద పెట్టీపెట్టకముందే ముట్టాయి. ఇదేం పద్ధతని ఆ ముసలాయన అడగలేదు. పని అయ్యేదాకా బండిలో కూర్చున్నాడు. ఇప్పుడు అడగడానికి యజమానే కనబడడు. ఆఫీసు, ఆఫీసు మీద ఇంకో ఆఫీసు.

ఈ ఎడారిలో కాకి ఎక్కడిది? చాలాసేపటికి ఒక నల్లటి పిట్ట పైన తిరిగి, మెల్లగా దిగి ఆ రాయికి అవతల వాలింది. మేస్త్రీ కప్పు నిండి నీళ్ళు పొర్లుతున్నా చూసుకోలేదు.

అప్పుడే మా టేబుల్‌కు పెద్దగా పందెంవాళ్ళు పెట్టిన అమ్మాయి చెత్త సంచితో అటు నడిచింది. పిట్ట లేచిపోయింది. నేను అరుస్తూ పోయేలోపే ప్లేటు సంచిలో పడింది.

మస్కట్‌లోనే వాదీ కబీర్ అనే పేటలో పెరిగిన మన తెలుగమ్మాయే. ఇక్కడ ఏదీ వదిలిపోకూడదని, మనం వెళ్ళాక ఎడారి ముందున్నట్టే ఉండాలని నాకు మర్యాదగా చెప్పింది. ఇన్ని బండ్ల చక్రాలు మోసిన ఎడారికి ఒక ముద్ద అన్నం బరువైందా అని గట్టిగానే అడిగాను. సంగతి చెప్పాక ఆమె గబగబా సంచి మూతి విప్పింది.

"సారీ అంకుల్. సిగరెట్ చూసి చెత్త అనుకున్నాను. తీసి మళ్ళీ పెట్టేదా?"

సంచిలో అరటి తొక్కలు, అందరూ తాగి పడేసిన కప్పులు.

"వద్దు బిడ్డా, ఎంగిలైంది," అన్నాడు నా వెనకే వచ్చిన మేస్త్రీ.

వేరే అన్నం లేదు. వాడింకా ఆ రాయి వైపే చూస్తుండగా ఫోన్ మోగింది. తల్లే. పిట్ట ముట్టిందా అని ఆమె అడగడం నాకూ వినిపించింది.

"ముట్టిందవ్వా. రెండు పిట్టలొచ్చినయ్. గుడ్డు గుడ ఇడువలే. ఇగ నువ్వు తిను. తమ్మునికియ్యి ఫోను... అవ్వకు ముందుగాల అన్నం పెట్టుర్రి."

ఆ అమ్మాయి సంచి పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. అనాల్సినవాళ్ళు అక్కడ లేరు.

మధ్యాహ్నం బిర్యానీ పొట్లాలు వచ్చాయి. మేస్త్రీ తనది పక్కవాడికిచ్చేశాడు. పొద్దుటి నుంచి ఏమీ లేదు, తినరా అన్నాను.

"అవ్వకు ముట్టింది మామా," అన్నాడు. "నాకు ముట్టలే గద."