ఆకాశంలో ఇంటూ గుర్తు

సోట్కమో ఊరి బడిలో హిల్కా వండే బఠానీ చారుకు పిల్లలెవరూ వంక పెట్టరు. ఆమె పిచ్చికి మాత్రం ఊరంతా వంక పెడుతుంది. పదకొండేళ్లుగా సెలవు దొరికితే చాలు, కెమెరా మెడలో వేసుకుని గడ్డకట్టిన సరస్సు మీదికి పోతుంది. జనం మంచు మీద జారే స్కీ గుట్ట మీద మంచు చిమ్మే యంత్రాలు తిరిగే పొద్దుల్లో సన్నటి మంచు పలుకులు గాలిలో తేలుతూ అక్కడిదాకా వస్తాయి. అప్పుడు సూర్యుడి చుట్టూ వెలుగు వలయంలా వరదగుడి కడుతుంది. ఒక్కటా, నాలుగైదు!

రెండేళ్ల కిందట ఆమె ఒక అపురూపమైనదాన్ని చూసింది. సూర్యుడికి వీపు పెట్టి నిలబడితే, ఎదుటి ఆకాశంలో ఇంటూ మార్కులా రెండు తెల్లటి గీతలు. ఆరోజే కెమెరా ఇంట్లో మరిచిపోయింది. బొమ్మ గీసి, ఇలాంటివి చూసేవాళ్ల సంఘానికి పంపింది. ఫోటో అయినా ఉండాలి, రెండో మనిషైనా చూసి ఉండాలి అని సంఘం పెద్ద లెంపి జవాబు రాసింది. హిల్కాకు కష్టంగానే అనిపించింది. "చలికి కళ్లు చెమర్చి ఉంటాయిలే" అని మొగుడు ఉర్పో నవ్వడం మాత్రం ఇంకా కష్టంగా తోచింది.

మొన్న ఫిబ్రవరిలో ఒక ఆదివారం, మైనస్ ఇరవైనాలుగు. సరస్సు మీద హిల్కాకు దగ్గర్లోనే ఉర్పో మంచుకు బెజ్జం వేసుకుని చేపలకోసం కూర్చున్నాడు. పదిగంటలకు ఆ గీతలు మళ్లీ వచ్చాయి.

హిల్కా కెమెరా పైకెత్తింది. కెమెరా లెన్సు మీద మంచు పలుకొకటి కనబడితే, ఆ తొందరలో ఉఫ్ మని ఊదేసింది. ఆ చలిలో ఎవరూ చెయ్యకూడని పని అది. ఊపిరి తగిలి లెన్సు తెల్లగా గడ్డకట్టింది.

"ఉర్పో! లేచి ఇటు చూడు!"

"చేప కొరుకుతోందే."

"దాని మొహం, లేవయ్యా!"

గొణుక్కుంటూ లేచి చూశాడు. నోరు తెరవబోయాడు.

"మాట్లాడకు! ఇద్దరం విడివిడిగా గీస్తేనే సంఘం ఒప్పుకుంటుంది. ఇదిగో పెన్సిలు. నా కాగితంలోకి తొంగిచూశావో, వారంపాటు నీ వంట నువ్వే!"

"నాకు బొమ్మలేం వచ్చు?"

"వచ్చినకాడికి గీయి."

రెండడుగులు ఎడంగా నిలబడి, కాగితాలు చేత్తో కప్పుకుని గీశారు. ఉర్పో గీతలు పుల్లలు విరిచి పడేసినట్టున్నాయి. కానీ ఎడమవైపు పై గీత మధ్యలో తెగింది, హిల్కా బొమ్మలో తెగినచోటే.

రెండు బొమ్మలూ సంఘానికి పంపితే, సాయంత్రానికి లెంపి జవాబు వచ్చింది. ఇవాళ్టిది లెక్కలోకి తీసుకుంటామంది. పాతది మాత్రం కుదరదట, దానికి సాక్షులు లేరు.

"ఉన్నారని రాయి. సాక్షిని నేను" అన్నాడు ఉర్పో.

"నువ్వు ఆరోజు ఆకాశం చూడలేదుగా!"

"ఆకాశం చూడలేదు. నువ్వు ఇంటికొచ్చినప్పుడు నీ మొహం చూశాను. అది నిజం చూసొచ్చిన మొహమని నాకప్పుడే తెలుసు. తెలిసి కూడా నవ్వాను, తప్పు నాదే."

లెంపికి ఆ సంగతేదీ రాయలేదు హిల్కా. కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, మొగుడి చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. రెండేళ్లుగా మోస్తున్న బరువు దిగిపోయింది.