బావ బీడీ మానేశాడు

ఈ మాట ఇన్నేళ్లుగా నా గొంతులోనే ఉండిపోయింది. తిన్న అన్నం దాన్ని దాటుకునే కిందికి దిగుతోంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

టెక్కలి దగ్గర గ్రానైటు క్వారీలో నేను మేస్త్రీని. మా బావ, అంటే మా అక్క భర్త, నా కిందే డ్రిల్లింగ్ మిషను పట్టేవాడు. రాతికి కన్నం వేస్తుంటే తెల్లటి పొడి లేచేది. నీళ్లు పోస్తూ వేస్తే పొడి లేవదు. కానీ పని నెమ్మదిస్తుంది, ట్యాంకరు తెప్పించాలి. యజమానిని అడిగే ధైర్యం నాకు లేదు. పని దిగేటప్పుడు మాత్రం ఒక్కొక్కరి చేతిలో బెల్లం ముక్క పెట్టేవాణ్ణి. బెల్లం తింటే గుండెల్లోని దుమ్ము దిగిపోతుందని అక్కడ అందరి నమ్మకం. నేనూ నమ్మాను. నమ్మానా? నమ్మితే నాకు హాయిగా ఉండేది, అంతే.

బావకి దగ్గు పట్టుకుంది. కొబ్బరికాయల బస్తా అవలీలగా ఎత్తిన మనిషి, నాలుగడుగులు ఎక్కితే కూలబడేవాడు. టెక్కలిలో డాక్టరుకి చూపించాను. ఆయన ఎక్స్‌రే చూసి, బావని బయట కూర్చోమని, నాతో చెప్పాడు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందట. పాడైంది బాగుపడదట. ఆ పని వెంటనే మానేస్తే మాత్రం ఇంకొన్నాళ్లు బతుకుతాడట.

బయటికొచ్చాను. బావ బల్ల మీంచి లేచాడు.

"ఏటన్నాడ్రా?"

"ఏటీ నేదు బావా. బీడీలు మానీమన్నాడు. దగ్గదే తగ్గిపోద్దంట."

"ఓస్, అంతేనా! నానింకేటో అనుకున్నాను."

నవ్వాడు. జేబులోని బీడీకట్ట తీసి అక్కడే కాలవలో పడేశాడు.

ఎందుకలా అన్నాను? అప్పుడు కొండలోంచి ఒక పెద్ద దిమ్మ విడదీయాలి. బావలాగా సూటిగా కన్నం వేసేవాడు ఇంకొకడు లేడు. దిమ్మ పగిలితే నా మేస్త్రీగిరీ పోయేది. పని అయ్యాక నిజం చెబుదామనుకున్నాను. ఆ దిమ్మ దిగింది. ఇంకొకటి వచ్చింది. తెలిసే నన్ను దుమ్ములోకి పంపావా అని బావ అడుగుతాడేమోనని భయపడి, ఆ భయంతోనే రోజూ మళ్లీ పంపాను.

బావ ఇక బీడీ ముట్టలేదు. నన్ను ఎక్కువగా కోసేది అదే. ఇవాళ కాకపోతే రేపు తగ్గుతుందని ఎదురుచూస్తూ, ముక్కుకి తువ్వాలు చుట్టుకుని, మంచం పట్టేదాకా మిషను పట్టాడు. ఆ మంచం మీదే పోయాడు.

అక్క జలంత్రకోటలో ఒక్కతే ఉంటుంది. నేను వెళితే చేపల పులుసు వండి పెట్టి, పక్కింటామెతో అంటుంది, "మా తమ్ముడే దగ్గరుండి ఆస్పత్రికి తిప్పినాడే. ఆ బీడీలే మా ఆయన్ని తినేసినాయి." పోయిన మనిషిని తిడుతుంది కూడా, ముందే మానేసుంటే బతికేవాడివి కదా అని. నేను తల వంచుకుని తింటాను. ఎదురుగా అక్క ఉన్నా, అప్పుడు నా అంత ఒంటరివాడు ఇంకొకడు ఉండడు.

ఆమెకి చెప్పే ధైర్యం ఇప్పటికీ రాలేదు. క్షమించమని ఎవరినీ అడగను. క్షమించాల్సిన మనిషి లేడు. ఒక్కసారైనా నా నోటితో చెప్పుకోవాలి, అంతే. బావని చంపింది బీడీలు కాదు. రాతిపొడి. అది నాకు ముందే తెలుసు.