ఆదికేశవులు పక్కన కూర్చున్న కోతి

పొద్దున ఆరు గంటలు, సన్నగా తుంపర పడుతోంది. ఆకలితో నా కడుపు కాలిపోతోంది. అయినా కోతుల ముందు చద్దిగిన్నె తెరవకూడదని గిరిజమ్మ గట్టిగా చెప్పింది. కోతుల తీరు చూసి రాసుకునే చదువు ఆమెది. డెబ్బై ఎనిమిదిలో తట్టాంచావడిలో మా ఫ్యాక్టరీ మూతపడ్డాక, నన్నూ నాతో పనిచేసిన ఆదికేశవుల్నీ అడవిలో తోడుకు కూలికి పెట్టుకుంది. వానలు వెలిశాక ఆమె కొండ అడవులకు పోతుంది. మాలో ఒక్కణ్ణే, కోతులు బెదరని వాణ్ణే, తీసుకుపోతానంది.

ఆదికేశవులు కోతులకు వీపు తిప్పి కూర్చునేవాడు. ఓ ముసలి ఆడకోతి వాడి పక్కనే చేరి పిల్లకు పేలు చూసేది. నేను కాలు కదిపితే చాలు, మంద మొత్తం చెట్లెక్కేది.

"ఏం మందు పెట్టినావురా వాటికి?" అన్నాను.

"మందేంది మామా! పెండ్లిచూపులకి వచ్చినోడి మాదిరి గుడ్లప్పగించి చూస్తావే, అవి సిగ్గుపడవా?"

గిరిజమ్మ పకపకా నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

మర్నాడు వాడి ఆకుపచ్చ చొక్కా అడిగి తొడుక్కుని, వాడిలాగే వీపు తిప్పి కూర్చున్నాను. ఆడకోతి దగ్గరికొచ్చి వాసన చూసింది. నన్ను దాటుకుని, బనియనుతో వణుకుతున్న ఆదికేశవులు దగ్గరికే పోయింది.

వానలు వెలిశాక ఒకరోజు వాడూ రాలేదు, గిరిజమ్మా రాలేదు. అరియాంకుప్పంలో వాళ్లింటికి పోయాను.

"గిరిజమ్మతో నిన్ననే పోయినాడే! నీకు చెప్పలేదా నాయనా?" అంది వాళ్లమ్మ.

దండెం మీద ఆకుపచ్చ చొక్కా ఆరుతోంది. వాడికి అది కూడా అక్కర్లేకపోయింది.